శిశు తరగతిలో మా అత్తగారు

మా అత్తగారు పోయిన మరుసటి వసంతంలో మళ్ళీ పుట్టారు, ఈసారి మా ఊళ్ళోనే ఉండే ఊలీపికా కడుపున. ఆ బిడ్డకు ఉలూరియాక్ అని ఆవిడ పేరే పెట్టిన రోజున నా విశ్రాంతి ముగిసింది. మంచు సముద్రం ఒడ్డున ఉన్న మా ఊళ్ళో, పోయినవాళ్ళ పేరు పెడితే పేరొక్కటే రాదు, వరసలు కూడా వెంట వస్తాయి. అందుచేత ఐదేళ్ళ ఆవిడను నేను అత్తయ్యా అంటాను, మీరు అంటాను. ఆవిడ నన్ను ఏమే కోడలా అంటారు. మా ఆయన మోసెసీకి ఏభై దగ్గర పడుతున్నాయి, అయినా ఆవిడ ఎదురైతే అమ్మా అని చేతులు కట్టుకుంటాడు. సముద్రంమీద సీల్‌ను వేటాడి తెచ్చిన రోజు దాని కాలేయం ముందుగా ఆవిడకే పంపుతాడు. ఇదంతా దూరంనుంచి బాగానే నడిచింది. కంటికి కనిపించని అత్తగారిని గౌరవించడం అంత కష్టమేమీ కాదు.

బుద్ధి గడ్డి తిని ఈ ఏడు బడిలో చేరాను. దక్షిణాదిన, చెట్లూ పట్నాలూ ఉండే వైపు, కాలేజీలో చదివొచ్చిన మనిషి గిన్నెలు తోముకుంటూ కూర్చుంటుందా అని ఎవరో అన్నారు. ఆ అన్నది నేనే అనుకుంటాను. టీచరుకు సహాయకురాలి ఉద్యోగమిచ్చి నన్ను శిశు తరగతిలో వేశారు. వెళ్ళి చూస్తే కిటికీ పక్కన, కాళ్ళు బార్లా చాపుకుని, మా అత్తగారు.

సెప్టెంబరు ఎలాగో గడిచింది. సముద్రం గడ్డకట్టడం మొదలయ్యాక అసలు సంగతి బయటపడింది. చలికాలంలో శిశు తరగతి అంటే చదువు కాదు, బట్టలు. ఒక్కొక్కరికీ దూది ప్యాంటు, కోటు, రెండు జతల మేజోళ్ళు, బూట్లు, టోపీ, చేతి తొడుగులు. అందరికీ తొడిగి ముగించేసరికి మొదట తొడిగినవాడికి ఒంటేలుకి వస్తుంది. మిగతా పిల్లల మీద గట్టిగా కేకలేసి ఆ కసి తీర్చుకుంటాను. అత్తగారి మీద ఎలా వేస్తాను? "తొడుక్కో" అనకూడదు. "తొడుక్కుంటే బాగుంటుందేమో చూడండి" అనాలి. ఆవిడ చూస్తారు. చూసి ఊరుకుంటారు.

మంచు తుఫాను ముంచుకొస్తోందని రేడియోలో చెప్పిన రోజు మధ్యాహ్నమే బడి మూసేశారు. పిల్లల్ని ఇళ్ళకు చేర్చే వ్యాను బయట రొద పెడుతోంది. అందరూ మూటల్లా తయారై నిలబడ్డారు. అత్తగారు మాత్రం కొక్కేల కింద నేలమీద మఠం వేసుక్కూర్చున్నారు.

"అత్తయ్యా, తుఫానట. ఆ ప్యాంటు కాస్త తొడుక్కుంటారా?"

ఆవిడ ముక్కు ముడిచారు. మా దగ్గర ముక్కు ముడిస్తే కాదని. మాట ఖర్చు లేని పని.

"పోనీ, బూట్లయినా?"

"నా బూట్లేవే?"

"అవిగో, మీ ముందే ఉన్నాయి."

"అవి కొట్టువి. నువ్వు కుట్టినవేవి?"

తయారైన మూటలన్నీ నావైపు తిరిగాయి. అత్తగారి పేరు మోసేవాళ్ళకు కోడలు బూట్లు కుట్టిపెట్టాలి. సీల్ తోలు వేసవి నుంచీ మా వంటింటి మూల బల్లచెక్కలా నిలబడి ఉంది. నేనెప్పుడైనా దానికేసి చూస్తే అదీ నాకేసి చూస్తుంది.

"తోలింకా మెత్తబడలేదండీ."

"పళ్ళతో నమిలితే మెత్తబడుతుంది."

"నమిలే ఓపిక ఉండాలి కదండీ."

"నేను డెబ్బై ఏళ్ళు నమిలాను," అన్నారావిడ, ముందు పళ్ళు రెండూ ఊడిన నోటితో.

అప్పుడు బెథనీ వచ్చింది. తరగతి టీచరు, దక్షిణాదినుంచి ఆగస్టులో దిగిన పిల్ల. మంచిదే. ప్రతి పనికీ ఒక బొమ్మ గీసి గోడకు అతికిస్తుంది. "ఉలూరియాక్, బొమ్మ చూడు! ముందు ప్యాంటు!" అని జిప్పు పట్టుకుంది. అత్తగారు ఒళ్ళంతా వదిలేసి తడిగుడ్డలా జారిపోయారు.

"లీటియా గారూ, మీరు కాస్త గట్టిగా చెప్పండి," అంది బెథనీ.

"నేను చెప్పకూడదమ్మా. మా అత్తగారు."

"తెలుసండీ. కానీ తుఫాను రోజున కూడానా?"

"తుఫానని ఆవిడ తగ్గిన రోజు నేను చూడలేదు."

పోయినవాళ్ళ పేరు మోసే బిడ్డను బలవంతపెడితే లోపలి మనిషి నొచ్చుకుని వెళ్ళిపోతారని, బిడ్డ జబ్బు పడుతుందని మావాళ్ళ నమ్మకం. చదువుకున్నదాన్ని, నమ్ముతానని చెప్పను. నమ్మనని ఆవిడ ముందర అసలే చెప్పను.

డ్రైవరు పౌలూసీ తలుపు తోసుకుని వచ్చాడు. "ఏమొదినా, ముహూర్తం చూస్తున్నారా? ఇదే ఆఖరు ట్రిప్పు. వీళ్ళను దింపాక దారి కనబడదు, నేను మళ్ళీ రాను."

"ఆవిడ కదలరు."

"బట్టల్లేకుండా నేను ఎక్కించుకోను." అతను అత్తగారికేసి భయంగా చూసి, "దండాలు పెద్దమ్మా," అని మిగతా పిల్లల్ని తోలుకుపోయాడు.

ఇక నవ్వులాట కాదు. తుఫాను పట్టిందంటే మూడు నాలుగు రోజులు విడవదు. బడిలో బిస్కెట్లు తప్ప తిండి లేదు, గదులు వేడిచేసే బాయిలరు ఎప్పుడు పనిచేస్తుందో దానికే తెలియదు. పిల్ల ఏదని ఊలీపికా అప్పటికే రెండుసార్లు ఫోను చేసింది. నడిచి వెళ్ళాలంటే ఇప్పుడే వెళ్ళాలి, కొట్టు గోడ ఇంకా కనిపిస్తుండగానే. నేను మా ఆయనకు ఫోను చేశాను.

"మీ అమ్మ ప్యాంటు తొడుక్కోవడం లేదు."

"ఏం?"

"నేను కుట్టిన బూట్లు కావాలట."

"వేసవిలోనే కుట్టెయ్యమన్నానా లేదా?"

"అది తర్వాత. నువ్వు మంచుబండి తీసుకుని రా."

"ఇంజను విప్పాను. బల్లమీదుంది."

"ఏ బల్ల?"

"మన వంటింటి బల్ల," అన్నాడు. తర్వాత గొంతు మార్చి, "అమ్మ అన్నం తిందా?" అని అడిగాడు. ఫోను పెట్టేశాను.

"నువ్వు కుట్టిందైతే తొడుక్కుంటాను, లేకపోతే లేదు," అన్నారు అత్తగారు నేలమీదనుంచి, ఫోనంతా విని.

ఆ బడి మొత్తంలో నేను కుట్టింది ఒక్కటే ఉంది, నా కోటు. ఆదివారాలు మనవణ్ణి మోయడానికి కుట్టుకున్నది. వీపున బిడ్డ పట్టేటట్టు వదులు, పైన పెద్ద టోపీ. తెచ్చి ఆవిడ ముందు పరిచాను.

ఆవిడ తిరగేసి, మరగేసి, అంచు పట్టుకుని చూశారు. "ఇక్కడ కుట్టు వంకర."

"అవునత్తయ్యా."

"చీకట్లో కుట్టావా?"

"అవునత్తయ్యా."

"సరే. ఎక్కించు."

బెథనీ ఎత్తింది, నేను వంగాను, ఆవిడ నా వీపుమీదికి జారి కూర్చున్నారు. బతికున్న రోజుల్లో కూడా ఇంత బరువు ఉండేవారు కారు. కాళ్ళకు చల్లగాలి తగలకుండా బెథనీ తన ఉన్ని మఫ్లరు చుట్టింది. నేను నడుముకు తాడు బిగించి బయలుదేరాను. బెథనీ గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపింది, పక్కనే ఉన్న తన క్వార్టరుకు పరుగెత్తింది.

గాలి అడ్డంగా కొడుతోంది. టోపీలోంచి చెవి పక్కనే గొంతు. "ఎడమకి పోవే, కుడివైపు మంచు మెత్తన, దిగబడతావు." నేను పుట్టి పెరిగిన ఊరది. "కాళ్ళీడ్చకు." ఈడ్చలేదు. "నీ మెడ చెమటగా ఉంది." దానికెవరు కారణం?

కొట్టు దాటాక గాలి హోరులో నా అడుగుల చప్పుడే నాకు వినబడలేదు. ఇంకెవరికి వినబడుతుంది? ముప్ఫై ఏళ్ళుగా గొంతులో పెట్టుకున్నదంతా అక్కడ విప్పాను. "కొడుక్కి ఒక్క పనీ నేర్పకుండా నాకు అంటగట్టారు! నా వంటకం ముందు పెట్టుకుని పక్కింటివాళ్ళ వంటకం మెచ్చుకున్నారు!"

"వినబడుతోంది," అంది గొంతు.

నా కాళ్ళు ఆగిపోయాయి.

"నీ తలకి తల ఆనించానుగా. ఆగకు, చలేస్తుంది. ఇంకా ఏమైనా ఉందా?"

"ఉంది," అన్నాను.

"చెప్పు మరి. తోవ ఉందిగా."

చెప్పాను. నూనె ట్యాంకుల దాకా చెప్పాను. ట్యాంకులు దాటి ఊలీపికా వాళ్ళ మెట్లు కాలికి తగిలేదాకా చెప్పాను. ఆవిడ మధ్యలో ఒకే ఒక్కసారి అడ్డొచ్చారు, "అది మాత్రం నేననలేదు," అని. నిజానికి అన్నారు, కానీ నేను వాదన పెంచలేదు.

మేం లోపలికి అడుగు పెట్టగానే బయట ఎదురిల్లు మాయమైపోయింది. ఊలీపికా తలుపు మూసి, గడియ వేసి, గుండెమీద చెయ్యి పెట్టుకుంది. "వచ్చారా! బాగా సతాయించిందా అక్కా? దిగవే, దిగు."

"దిగను," అన్నారు అత్తగారు.

"ఎందుకే?"

"కోడలు చెప్పడం అవలేదు."

ఊలీపికా నాకేసి చూసింది. నేను కెటిల్‌కేసి చూశాను. ఏం చేస్తాను, కోటుతోనే, ఆవిడతోనే, నేలమీద ఒక పక్కకు ఒరిగి కూర్చున్నాను. ఊలీపికా టీ కప్పు చేతిలో పెట్టింది. ఒక గుక్క తాగానో లేదో, వెనకనుంచి వేలుతో భుజమ్మీద పొడిచారు.

"నా కుట్టుమిషను నీకివ్వకుండా మా అమ్మాయికి ఇచ్చేశానన్నావు, అక్కడ ఆగావు," అన్నారు. "తర్వాత?"