అందేలా కొట్టే చెయ్యి

మా ఆడపడుచు చేతిలో వరసగా మూడో ఏడు కూడా ఓడిపోయాక, ఇక కోచ్‌ని పెట్టుకోవాల్సిందేనని మొండికేశాను. మా బజారు దుకాణాలవాళ్ళందరికీ ఏటా జరిగే షటిల్ పోటీ అది. ఆవిడది మందుల షాపు. గెలిచిన కప్పును దగ్గుమందు సీసాల పక్కన నిలబెట్టి, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ మా మరదలు బాగానే ఆడుతుంది పాపం అని చెబుతోందట. ఆ 'పాపం' విన్నప్పటినుంచి నాకు అన్నం సయించలేదు.

మా ఆయనా నేనూ టైలర్లం. ఆయన గుడ్డ కత్తిరిస్తాడు, నేను కుడతాను. సాయంత్రం మిషన్లకు ముసుగులు వేసి, షాపు వెనక ఖాళీ జాగాలో నెట్ కట్టుకుని గంటసేపు ఆడతాం. మూడేళ్ళ కిందట ఆయన మోకాలికి ఆపరేషన్ అయినప్పుడు, కాస్త కదలమని డాక్టరు చెబితే మొదలైన ఆట ఇది. మొదట్లో పది దెబ్బలు కూడా సాగేది కాదు. ఇప్పుడు కాక్ కింద పడకుండా మూడొందలు దాటిస్తాం. మూడొందలు దాటించేదాన్ని, ఇరవై ఒక్క పాయింట్లు తెచ్చుకోలేనా, మీరే చెప్పండి.

కోచ్ మాట ఎత్తితే ఆయన మొదట నవ్వాడు. ఈ వయసులో ఒళ్ళు విరగ్గొట్టుకుంటావా అన్నాడు. నేను నాలుగు రోజులు మూతి ముడుచుకుని కుట్టాను. అయిదో రోజు, సరే, ఒకసారి రమ్మని చూద్దాంలే అని దిగొచ్చాడు.

వచ్చినతను బక్కపలచగా, మాట తక్కువ మనిషి. నాతో పది నిమిషాలు ఆడాడు. అటు కొట్టినా ఇటు కొట్టినా నేను ఒక్కటీ వదల్లేదు. మెచ్చుకుంటాడని చెమట తుడుచుకుంటూ నిలబడితే అతను తల గోక్కున్నాడు.

"మీ గురి చాలా బాగుంది మేడమ్. కాకపోతే ప్రతిదీ తెచ్చి నా బ్యాట్ మీదే పెడుతున్నారు."

నాకు చర్రుమంది. అదేం కాదని వాదించాను. అతను మా ఆయన్ని అవతల నిలబెట్టి, సార్‌కి అందకుండా ఒక్కటి కొట్టి చూపించమన్నాడు. అదెంత పని అనుకుని ఆయన ఎడమవైపు మూలకి గురిపెట్టాను. కాక్ వెళ్ళి ఆయన కుడిచేతి దగ్గర వాలింది. మళ్ళీ కొట్టాను. మళ్ళీ అక్కడికే. మూడోసారీ అంతే. ఆయన అడుగు కదపాల్సిన అవసరమే రాలేదు. సిగ్గుతో నా ముఖం మాడిపోయింది.

ఈ అలవాటు పోవాలంటే రెండు నెలలు పడుతుందనీ, అప్పటిదాకా సార్‌తో ఆడటం మానెయ్యాలనీ కోచ్ తేల్చి చెప్పాడు. మా ఆయన వెంటనే ఒప్పేసుకున్నాడు. కుర్చీ వేసుకుని చూస్తాలే అంటూ, గోడ పట్టుకుని మెల్లగా పక్కకు నడిచాడు. ఆ నడక చూసేసరికి నా ప్రాణం ఉసూరుమంది. ఆ గంట కూడా పోతే ఈ మనిషి ఇంక కుర్చీలోంచి లేస్తాడా? నాకు కోచ్ వద్దు, గీచ్ వద్దు, ఆవిడ చేతిలో ఇంకో పదేళ్ళు ఓడిపోతానని చెప్పేశాను.

ఎప్పుడూ గొంతు పెంచని ఆయన గిర్రున తిరిగాడు.

"నువ్వు నా చేతికే ఇస్తున్నావని నాకు తెలీదనుకున్నావా? మూడేళ్ళుగా ఒక్కసారి కూడా నన్ను ఓడిపోనివ్వలేదు నువ్వు. అది ఆటేనా?"

మంచి చేస్తున్నాననుకుంటూ ఇన్నాళ్ళూ ఆయన్ని పసిపిల్లాణ్ణి చేసి ఆడించానన్నమాట. ఏడుపొచ్చింది. ఏడిస్తే కోచ్ ముందు బాగుండదని ముక్కు తుడుచుకున్నాను. అప్పుడు తట్టింది.

"నాకు కాదండీ, ఈయనకి నేర్పండి," అన్నాను కోచ్‌తో. "నిలబడ్డచోటు నుంచే నాకు అందకుండా ఎలా కొట్టాలో. పరిగెత్తడం సంగతి నేను చూసుకుంటాను."

అతను మా ఆయన వెనక నిలబడి, మణికట్టు ఎలా తిప్పాలో చూపించాడు. రోజంతా కత్తెర తిప్పే చెయ్యి కదా, ఇట్టే పట్టుకుంది. మొదటి రెండూ నెట్‌కి తగిలాయి. మూడోది నెట్ మీదుగా ఇలా దాటి అలా కింద పడింది. పరుగెత్తుకెళ్ళినదాన్ని అందుకోలేక మోకాళ్ళ మీద కూలబడ్డాను.

"అందలేదుగా?" అన్నాడాయన.

అందలేదన్నాను. ఆ ముఖంలో మూడేళ్ళ తర్వాత మొదటిసారి పొగరు చూశాను. పట్టరాని సంతోషంతో, మోకాలు చెక్కుకుపోయిందని ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టాను.