ఇసుక అయిపోయేలోపు

ఆ లాండ్రీలో చిన్నా పెద్దా అందరూ సూపర్‌వైజరుని అక్కా అనే పిలుస్తారు. నిజంగా ఆమె అక్క అయింది మాత్రం ఒక్కదానికే. కింది అంతస్తులో ఇస్త్రీ రోలరు ముందు నిలబడి దుప్పట్లు అందించే పిల్ల ఆమె సొంత చెల్లెలు. ఆ పిల్ల కోసమే ఆ పొద్దున అక్కకి కాలూ చెయ్యీ ఆడటం లేదు.

రోలరంటే ఇంట్లో ఇస్త్రీపెట్టె లాంటిది అనుకునేరు. మంచమంత పొడవున్న ఇనప దిమ్మె, లోపల ఆవిరి కుతకుతలాడుతూ ఉంటుంది. తడి దుప్పటి అంచు దాని నోటికి అందిస్తే లాక్కుని, అవతలికి పొడిగా, ముడత లేకుండా వదులుతుంది. దుప్పటికీ చేతికీ తేడా దానికి తెలియదు. అందుకే నోటి ముందు ఒక అడ్డుపట్టీ పెట్టారు. వేలు తగిలితే చాలు, మెషిన్ ఆగిపోవాలి. వచ్చిన చిక్కల్లా, దుప్పటి మడత కాస్త లావుగా వచ్చి తగిలినా ఆగిపోతుంది. ఆగినప్పుడల్లా పని వెనకబడుతుంది, తిట్లు ముందుకొస్తాయి. ఆ తిట్లు పడలేక చెల్లెలు ఒక చిరుగు దుప్పటి నుంచి పేలిక చించి, పట్టీని పైకెత్తి కట్టేసింది. అప్పట్నుంచి మెషిన్ ఆగిందీ లేదు, ఆమెని ఎవరూ ఒక మాట అన్నదీ లేదు. పైగా ఇప్పుడు పని భేషుగ్గా సాగుతోందని మెచ్చుకున్నారు.

ముందురోజు సాయంత్రం ఆ పేలిక అక్క కంటపడింది. ఇంటికొచ్చి గిన్నెలు తోముతూ అడిగితే చెల్లెలు దాచలేదు. అందరికీ తెలుసంది. నువ్వు నోరెత్తితే కట్టిందెవరని అడుగుతారు, ముందు నన్నే గేటు బయట నిలబెడతారు అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. విప్పెయ్యవే అని అక్క బతిమాలింది, కసిరింది. విప్పితే మళ్ళీ తిట్లు నువ్వు తింటావా అని చెల్లెలు ఎదురు తిరిగింది. అదీ నిజమే. దుప్పటికి కాకుండా చేతికి మాత్రమే ఆగేలా పట్టీని సరిచెయ్యాలంటే మెషిన్ ఒక రోజంతా ఆపాలి. ఆ మాట మీటింగులో తేలాల్సిందే. మాటా మాటా పెరిగి, తెల్లారాక ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే ఇద్దరూ పనిలోకి వచ్చారు.

చెబితే చెల్లెలి ఉద్యోగం, చెప్పకపోతే చెల్లెలి చేతులు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. పైగా ఆ రోజు మీటింగు నడపాల్సిన వంతు అక్కదే.

మీటింగుల సంగతి కూడా చెప్పాలి. ఇదివరకు అక్కడ మీటింగంటే టీలు, పిచ్చాపాటీ, ఒకడి మీద ఒకడు చాడీలు. పొద్దున మొదలైతే భోజనాల వేళకి కూడా తెమిలేది కాదు. కొత్తగా వచ్చిన మేనేజరు వచ్చీరాగానే గదిలో కుర్చీలన్నీ తీయించేశాడు. బల్ల మీద ఒక ఇసుక గడియారం పెట్టాడు. దాంతో ఆయన పేరు ఇసుకసారు అయి కూర్చుంది. ఇసుక పైనుంచి కిందకి జారేలోపు ఎవరి మాట వాళ్ళు చెప్పాలి. సమస్య చెప్పినవాడే దాన్ని నెత్తిన వేసుకుని పరిష్కరించాలి. వారానికొకరు నడపాలి, నడిపేవాళ్ళు అడగాలే తప్ప సొంత అభిప్రాయం చెప్పకూడదు. ఇసుక అయిపోయేసరికి ఎవరూ కాదనకపోతే అది నిర్ణయమైనట్టే. మౌనం అర్ధాంగీకారమని లోకం అంటుంది, ఇసుకసారు దాన్ని పూర్తి అంగీకారం చేసేశాడు.

ఆయన చెడ్డవాడేం కాదు. అందరి సమయం కాపాడుతున్నాననే అనుకున్నాడు పాపం. అయితే చెప్పినవాడి నెత్తికే పని చుట్టుకుంటుందని తెలిశాక చెప్పేవాడెవడు? అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని అందరూ నోళ్ళు కట్టేసుకున్నారు. సమస్యలు వినబడటం మానేశాయి, ఆయనేమో సమస్యలే లేవని మురిసిపోయాడు.

మీటింగుకి ముందు నడవలో అక్క మెకానిక్‌ని పట్టుకుంది. పట్టీ సంగతి నువ్వు లేవనెత్తు, కట్టిందెవరన్న మాట రాకుండా నేను చూసుకుంటాను అంది. అతను మెడ గోక్కున్నాడు. "మీరు అడగండక్కా, నేను చెప్తాను" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని చూపు ఆమె మీద లేదు. అయినా మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టు ఆమె ఆ మాటనే పట్టుకుంది.

గదిలో బల్ల చుట్టూ నలుగురు నిలబడ్డారు. ఇసుకసారు, మెకానిక్, స్టోరు చూసే పెద్దాయన, అక్క. అక్క గడియారం తిప్పింది. గాజు చల్లగా తగిలింది. కింద రోలరు రొద నేలలోంచి అరికాళ్ళకి పాకుతోంది. కుర్చీలున్న రోజుల్లో అది ఇంతగా తెలిసేది కాదు. ఆ రొద నడుస్తున్నంతసేపూ చెల్లెలి చేతులు దాని నోటి దగ్గరే ఉంటాయి.

విషయం ఒక్కటే. ఒక ఆసుపత్రి దుప్పట్లు కూడా ఇకనుంచి తమకే వస్తున్నాయి. మధ్యాహ్నం నుంచి రోలరు వేగం పెంచాలి. అక్క చదివి వినిపించింది.

"ఎవరికైనా అభ్యంతరం ఉందా?"

స్టోరు పెద్దాయన గోడ మీది బల్లిని శ్రద్ధగా చూస్తున్నాడు. అక్క మెకానిక్ వైపు చూసింది. అతను తన బూట్ల వైపు చూసుకున్నాడు. మరోసారి అడిగింది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడే తప్ప పెదవి కదపలేదు.

ఇసుక జారుతోంది. ఇక తనే చెప్పాలి. నియమం పోతే పోయింది, చెప్పెయ్ అని లోపల ఎవరో గుద్దుతున్నారు. మరుక్షణమే సంచీ భుజాన వేసుకుని గేటు బయట నిలబడ్డ చెల్లెలు కళ్ళముందు మెదిలింది. దాన్ని తోసుకుని ఇంకో బొమ్మ వచ్చింది, దాన్ని చూడలేక కళ్ళు మూసుకుంది. నోరు తెరిచింది. మాట రాలేదు. భయం ఇంత బరువుంటుందని ఆమెకి అంతవరకూ తెలియదు. కళ్ళు తెరిచేసరికి పైన గాజు ఖాళీగా ఉంది.

"మంచిది. వేగం పెంచుతున్నాం" అని ఇసుకసారు కాగితాలు సర్దుకున్నాడు.

సరిగ్గా అప్పుడే కింద రొద ఆగిపోయింది.

ఎన్నాళ్ళుగానో పని మధ్యలో ఆగని మెషిన్ ఆగింది. అరికాళ్ళ కింద నేల ఒక్కసారిగా చచ్చుబడినట్టయింది. ఏమైందని ఎవరూ అడగలేదు. కరెంటు పోయిందేమో అని కూడా ఎవరూ అనలేదు. అందరికంటే ముందు తలుపు తోసింది ఇసుకసారు, ఆయన వెనకే మెకానిక్, మోకాళ్ళ నొప్పుల స్టోరు పెద్దాయన సైతం. అక్క మెట్లు ఎలా దిగిందో ఆమెకే తెలియదు. బల్ల మీది గడియారం చేతిలోకి ఎప్పుడొచ్చిందో కూడా తెలియదు. దేవుడా, దాని చేతులు, దాని చేతులు అనుకుంటూ పడుతూ లేస్తూ పరుగెత్తింది.

రోలరు ముందు చెల్లెలు నిలబడి ఉంది. రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని విసుగ్గా చూస్తోంది. పది వేళ్ళూ పదిలంగా ఉన్నాయి. రోలరు నోట్లో ఒక దుప్పటి లావు మడతతో ఇరుక్కుంది, అడ్డుపట్టీ కిందకి దిగి ఉంది. పేలిక నేల మీద పడి ఉంది.

ఇంతమంది రొప్పుతూ వచ్చేసరికి చెల్లెలు బెదిరిపోయింది. "మడత తగిలి ఆగిందక్కా. తిట్టకండి" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "పొద్దున నువ్వు నాతో మాట్లాడకుండా వచ్చేశావుగా. భయమేసి విప్పేశాను."

అక్క చెల్లెలి రెండు చేతులూ పట్టుకుని తిప్పి తిప్పి చూసింది. కన్నీళ్ళు ఆగలేదు, ఆపుకోనూ లేదు. ఏడుపు కాస్త తెరిపిచ్చాక తలెత్తితే మిగతావాళ్ళ మొహాలు కనిపించాయి. మెకానిక్ గోడకి ఆనుకుని నెత్తి మీద చేతులు పెట్టుకున్నాడు. స్టోరు పెద్దాయన మోకాళ్ళు పట్టుకుని వంగిపోయాడు. ఇసుకసారు మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆయన కళ్ళు చెల్లెలి చేతుల మీద లేవు, నేల మీది పేలిక మీద ఉన్నాయి. దాన్ని ఆయన చూడటం అది మొదటిసారి కాదని అక్కకి అర్థమైంది.

ఆయనే ముందు తేరుకుని, ఏం కాలేదుగా, అందరూ పనుల్లోకి వెళ్ళండి అన్నాడు. నిర్ణయం ఎలాగూ అయిపోయిందని కూడా అన్నాడు.

అక్కకి ఇంకా భయం పోలేదు. కానీ పైన గదిలో ఇరుక్కుపోయిన మాట ఇప్పుడు దానంతటదే పైకి వచ్చింది. చేతిలోని గడియారాన్ని దుప్పట్ల బల్ల మీద పెట్టింది. నిలబెట్టలేదు, పడుకోబెట్టింది. ఇసుక ఎటూ జారలేదు.

"మీటింగు అయిపోలేదు సార్" అంది. "ఇది ఎవరు కట్టారో నేను అడగను. మెషిన్ ఆగితే మనం ఎందుకు పరుగెత్తామో ఒక్కొక్కరూ చెప్పండి."

అందరికంటే ముందు పరుగెత్తింది ఇసుకసారు గనక, ఆమె మొదట ఆయన వైపే చూసింది.