పేరు పెట్టి పిలవని దీవి

అండమాన్ వెళ్లేలోపు చేయాల్సిన పనులు ఇవి అనుకున్నాను:

నేను పనిచేసే గ్రామ సచివాలయంలో సెలవు చీటీ పెట్టాలి.
నానమ్మను ఒప్పించాలి.
మోకాళ్ల దాకా ఉండే నిక్కరు కొనాలి. అది లేకుండా బీచ్‌కు వెళ్తే నవ్వుతారని నా స్నేహితుడు తరుణ్ చెప్పాడు.
నా భార్య సరితను, వాళ్ల ఇంట్లో నేను అడుగు పెట్టకుండా, బయటికి తీసుకురావాలి.
తిరిగి వచ్చేలోపు సరిత చేత నా పేరు పిలిపించుకోవాలి.

చివరిది కాస్త వివరంగా చెప్పాలి. నా పేరు అంకారావు. మాది గురజాల పక్క ఊరు. నాన్న నాపరాళ్ల లారీ నడుపుతాడు. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కణ్ణే. చదువుకున్నన్నాళ్లూ నరసరావుపేటలో పేరు చెప్పగానే “మీ తాత పేరా?” అని అడిగేవాళ్లు. అవును, తాతల కాలం పేరే. కాకపోతే మా తాతది కాదు, మా ఇలవేల్పు అంకమ్మ తల్లి పేరు మీద పెట్టింది. సరితకు మాత్రం అది నిజంగానే తాత పేరు.

శావల్యాపురంలో వాళ్ల తాత అంకారావు ఉన్నంతకాలం ఆ ఇంట్లో ఆడవాళ్లెవరూ ఆ పేరు పలకలేదట. కోడలు మామగారి పేరు ఎత్తకూడదు. మనవరాలు సరదాకు పలికినా నానమ్మ చెంప వాయించేదట. అదే పేరున్న మొగుడు దొరకడం సరిత ఖర్మ.

పెళ్లయి మా ఇంటికి వచ్చిన రోజు మా చెల్లెలు నాగవేణి గుమ్మానికి అడ్డంగా చేతులు చాపి నిలబడింది.

“పేరు చెప్పి లోపలికి రా వదినా.”

నేను గట్టిగా “నేనూ సరితా వచ్చాం” అన్నాను. సరిత తల వంచుకుని ఏదో గొణిగింది.

“ఏంది వదినా, నోట్లో మాత్ర ఏసుకున్నావా? మాకేం ఇనపళ్ళా!”

ముహూర్తం దాటిపోతుందని పంతులు తొందరపెట్టడంతో నాగవేణి చేతులు తీసింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ మనసులో ఒక ముల్లు మిగిలింది. ఈ పిల్ల తాత పేరని పలకలేకపోతోందా, లేక పేరు నచ్చక తాతను అడ్డం పెట్టుకుంటోందా?

పెళ్లి జ్యేష్ఠంలో అయితే వెంటనే ఆషాఢం వచ్చింది. సరిత పుట్టింటికి వెళ్లింది. అత్తాకోడళ్లు ఒకే గడప దాటకూడదు, అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు. అప్పుడే తరుణ్ అండమాన్ సంగతి చెప్పాడు. నేను భయపడుతూనే మా నానమ్మ పోలేరమ్మ దగ్గర కూర్చున్నాను.

“ఆషాఢంలో కలిసి తిరగటమేందిరా? సిగ్గుందా?”

“దీవి నానమ్మా. సముద్రం మధ్యలో.”

“ఆడ మీ అత్తగారిల్లు ఉందా?”

“లేదు.”

“మనిల్లు?”

“లేదు.”

నానమ్మ చుట్ట ఆర్పింది. “గడపే లేనికాడ తొక్కేదేముంది, పోండి. పిల్లదానికి జలుబు చేసిందో, నీ పని చెప్తా.”

శావల్యాపురం బస్టాండులో సరితను వాళ్ల నాన్న నాకు అప్పగించాడు. గడప తొక్కాల్సిన పని లేకుండా పోయింది.

దీవిలో ఒకటే వాన. ఈ ఉపాయం మా ఒక్కళ్లకే తట్టిందనుకున్నాను గానీ, హావ్‌లాక్‌లో దిగాక చూస్తే ఎటు చూసినా పసుపుతాళ్లే. ఒంగోలు వాళ్లు, తెనాలి వాళ్లు, మాచర్ల వాళ్లు. ఆషాఢానికి భయపడి పారిపోయి వచ్చిన కొత్త జంటలన్నీ హోటల్ వరండాలో వాన చూస్తూ కూర్చున్నాయి. మధ్యాహ్నానికల్లా గోంగూర పచ్చడి సీసా ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదికి తిరిగింది.

హోటల్‌లో దిగేటప్పుడు కౌంటర్‌లోని అతను భర్త పేరు చెప్పమని సరితను అడిగాడు. నేను కావాలనే షూ లేసు కట్టుకుంటూ వంగాను. ఆమె తాపీగా నా జేబులోంచి ఆధార్ కార్డు తీసి అతని ముందు పెట్టింది.

వాన తెరిపిచ్చినప్పుడు బీచ్‌కు వెళ్లాం. నా నిక్కరు చూసి సరిత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“నవ్వితే నవ్వు. ఒక్కసారి పేరు పిలువు.”

“పిలవడమెందుకు? పక్కనే ఉన్నారుగా.”

“పేరు బాగాలేదా?” అని అడిగేశాను. అడగకూడదనుకున్న మాట.

ఆమె నవ్వు ఆపి నన్ను చూసింది. “పేరుకేమైంది? మా తాత మోసినన్నాళ్లూ బాగానే ఉంది.”

“మరి?”

“పిలిస్తే ఆయన పలుకుతాడేమోనని భయం,” అని అల వైపు పరిగెత్తింది. అది నిజమో ఆటో నాకు అర్థం కాలేదు.

తిరిగి వచ్చే రోజు పొద్దున జెట్టీ దగ్గర మళ్లీ కుండపోత. తడవకుండా నా ఫోన్ సరిత బ్యాగులో పెట్టాను. టికెట్లు మాత్రం నా జేబులో ఉన్నాయి. ఆమెను రేకుల షెడ్డు కింద నిలబెట్టి, లైన్ కనిపించగానే వెళ్లి నిలబడ్డాను. లైన్ చూస్తే నిలబడటం మా వాళ్లకు అలవాటు. అది దేనికని తర్వాత అడుగుతాం. నా ముందు నలుగురు, వెనక పదిమంది చేరారు. నేను పద్ధతిగా ముందుకు జరుగుతూ ఉన్నాను.

అది నీల్ దీవికి వెళ్లే పడవ. మా పోర్ట్‌బ్లెయిర్ పడవ అవతలి వైపు ఉంది. దాని మెట్లు తీసేయడానికి మనుషులు తాళ్లు విప్పుతున్నారు. ఈ సంగతి సరిత చూసింది, నేను చూడలేదు.

“ఏవండీ!”

వాన చప్పుడులో ఆ కేక నా దాకా వచ్చింది. కానీ ఆ దీవిలో అన్ని రోజులూ “ఏవండీ” వినీ వినీ నేను పట్టించుకోలేదు. జెట్టీ మీద అటూ ఇటూ ఉన్న నలుగురు మొగుళ్లు మాత్రం ఠక్కున తిరిగారు.

“మీరు కాదు! ఇదిగో, మిమ్మల్నే!”

“నన్నేనామ్మా?” అన్నాడు తెనాలి ఆయన.

నా కాలు నీల్ పడవ చెక్క మీద పడబోతోంది.

“ఒరేయ్ అంకారావూ! అది మనది కాదు! ఇటు రా!”

 శావల్యాపురం పొలంలో అవతలి గట్టు మీది మనిషిని పిలిచే గొంతు అది. ఆ పేరుకు తిరిగినవాణ్ణి నేనొక్కణ్ణే. పరిగెత్తాను.

పడవ కదిలాక ఇద్దరం తడిసి ముద్దై కూర్చున్నాం. నా పళ్లు కనబడుతూనే ఉన్నాయి, నవ్వు ఆపుకోవడం నా వల్ల కాలేదు.

“ఒరేయ్ అన్నావు.”

“పేరు కావాలన్నారుగా, ముందొచ్చింది కూడా తీసుకోవాలి.”

“పేరు...”

“మంచి పేరండీ,” అంది మొహం తుడుచుకుంటూ. “కిరణ్ అని పిలిచుంటే ముగ్గురొచ్చేవాళ్లు. అంకారావని పిలిస్తే మీరే వచ్చారు.” ఆ మాట మధ్యలో మామూలుగా, ఉప్పు అందించమన్నంత తేలిగ్గా నా పేరు మళ్లీ వచ్చింది. ఆమె గమనించలేదు. నేను గమనించాను.

ఇక్కడితో ఆపవచ్చు గానీ ఒకాయన సంగతి చెప్పకపోతే న్యాయం కాదు. “ఏవండీ” అనగానే తిరిగిన నలుగురిలో అందరికంటే ముందు తిరిగిన మాచర్ల ఆయన చేతిలో వాళ్లావిడ కొత్త చెప్పులున్నాయి. ఆ తిరగడంలో ఒక చెప్పు జారి సముద్రంలో పడిపోయింది.

“నిన్ను పిలిచిందా ఆమె? ఎవరు పిలిచినా తిరగటమేనా?” అని ఆవిడ మా పడవలోనే దారంతా దులిపేసింది. ఆయన తన చెప్పులు విప్పి ఆవిడ కాళ్ల ముందు పెట్టాడు. పోర్ట్‌బ్లెయిర్‌లో వానలో ఒట్టికాళ్లతో దిగి జనంలో కలిసిపోయాడు. పేరు అడుగుదామనుకున్నాను, కుదరలేదు. ఆవిడ నోట విందామంటే, చివరిదాకా “ఇదిగో” అనే పిలిచింది. ఆయన్ని మీరైనా కాస్త గుర్తుపెట్టుకోండి.