ఇంట్లో ఒక్కణ్నే

అమెరికాలో ఒక చిన్న పట్నం ఉంది. నేనెన్నడూ చూడలేదు, చూడబోను కూడా. కానీ అక్కడ ఎంతమంది ఫ్యాక్టరీకి పోతారో, ఎందరు రెండేసి కొలువులు చేస్తారో, ఇంట్లో ఏ భాష మాట్లాడుకుంటారో నన్నడగండి, చెబుతాను. జనగామలోని ఆఫీసులో నా పని అదే. వాళ్లు నింపిన సర్వే కాగితాల్లో ఒకదానికొకటి పొసగని జవాబులను పట్టుకోవాలి. హరీశ్ అబద్ధాలు పట్టడంలో దిట్ట అని మా సారు అంటాడు.

ఆ దిట్ట అద్దె ఇల్లు సంపాదించింది మాత్రం అబద్ధంతోనే. తండా పిల్లాణ్నని చెప్పిన మూడు చోట్లా ఖాళీ లేదన్నారు. నాలుగోది విమలమ్మ ఇల్లు. అక్కడ కులం మార్చి చెప్పాను. కింది వాటా దొరికింది.

ఆ ఆదివారం పొద్దున డోర్నకల్ నుంచి రైల్లో అమ్మ వచ్చింది. వస్తే చీర కట్టుకుని రమ్మని ఎన్నోసార్లు చెప్పాను. ఉన్న మంచి చీర ఆరలేదట. అద్దాల రవిక, ముంజేతి నిండా గాజులు, అట్లాగే వచ్చేసింది. గబగబా లోపలికి లాగి తలుపేశాను.

"ఎవరన్న చూసిన్రా?" అని మా భాషలో అడిగాను. తిన్నావా అని కాదు.

పది గంటలకు ఇంటింటి సర్వే రాసే కళావతి టీచరు వచ్చింది. వెనకాలే విమలమ్మ.

"ఇంట్ల ఎంతమంది ఉంటరు తమ్మీ?" అంది టీచరు.

"ఒక్కణ్నే."

"అమ్మ, నాయిన?"

"లేరు."

నాయిన నిజంగానే లేడు. అమ్మ వంటగదిలో జొన్నరొట్టె కాలుస్తోంది. విమలమ్మ తొంగిచూసింది.

"లోపలెవరు హరీశ్?"

దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. 'మా అమ్మ' అంటే అయిపోయేది. అమ్మ ఒకసారి నా ముఖం చూసి బయటికొచ్చింది.

"పనికొచ్చిన, దొరసానీ," అంది తెలుగులో. "బోళ్లు తోమనీకి సారు పిలిచిండు."

నన్ను సారు అంది.

"నీకు పిల్లలెంతమంది అవ్వా?" టీచరు ఊరికే అడిగింది.

"ఒక్కడే. కొలువు జేస్తడు."

"మంచిగ జూసుకుంటడా?"

"జూసుకుంటడు. మంచోడు," అంది, నా వైపు చూడకుండా.

విమలమ్మకు ప్రాణం లేచొచ్చింది. "మా పనామె నాల్గు దినాల సంది వస్తలేదు. గీడ అయినంక జర పైకి రా. బోళ్లు కుప్పవడ్డయి."

అమ్మ తలూపింది. టీచరు చూపిన చోట నేను సంతకం పెట్టాను.

వాళ్లు వెళ్లాక అమ్మ చెయ్యి పట్టుకున్నాను. మిరపకాయలు ఏరి ఏరి తోలు లేచిపోయిన చెయ్యి. సబ్బు నీళ్లు తగిలితే భగ్గుమంటుంది.

"పోకు," అన్నాను.

"పోకుంటే వాళ్లకు అనుమానమొస్తది కొడుకా. నీకు మల్ల ఇల్లెవరిస్తరు? రొట్టె సల్లారుతది, తిను."

చెయ్యి విడిపించుకుని వెళ్లింది. కాసేపటికి పైనుంచి బోళ్ల చప్పుడు మొదలైంది. అంత సిగ్గు నా బతుకులో ఎన్నడూ పడలేదు. పైకి పదహారు మెట్లు. నేనొక్కటి కూడా ఎక్కలేదు.