బూడిదరంగు చొక్కా

ఫోటోలకు రంగులు దిద్దడం మానేసి నాలుగేళ్లయినా, పనిలో కూర్చునేటప్పుడు బూడిదరంగు చొక్కా వేసుకోవడం మాత్రం మానలేదు. చొక్కా రంగు తెరమీద పడితే కన్ను మోసపోతుంది. ఆ జాగ్రత్త నేర్పింది బావే, మా అక్క భర్త. పనంతా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. రంగుల పని నా దగ్గర్నుంచి తీసేసుకున్నదీ ఆయనే.

తప్పు నాదే. నేను దిద్దిన ముఖాలు ప్రింటులో నీలంగా వచ్చేవి.

"మనుషులు శవాల్లా ఉన్నార్రా," అనేవాడు.

కంటి డాక్టరు దగ్గరికి వెళితే నా చూపుకేం ఢోకా లేదన్నాడు.

"ఆయన అక్షరాలు చదివిస్తాడ్రా, రంగులు కాదు," అన్నాడు బావ. నమ్మాను.

కంటిమీద మొదలైన అనుమానం కంటితో ఆగలేదు. చొక్కా కొనాలన్నా అక్కకు ఫోన్ చేసేవాణ్ని. ఎవరైనా నన్ను చూసి నవ్వితే, అది నవ్వేనా అని రెండోసారి చూసేవాణ్ని.

ఇప్పుడు నేను మొటిమలు చెరుపుతాను, చెదిరిన జుట్టు సర్దుతాను. రంగులు బావవి. అయితే ఏ ఫోటో పంపే ముందైనా నన్ను పిలిచి వెనక నిలబెట్టుకుంటాడు. "ఊరికే చూడు," అంటాడు. నేను తెర చూస్తాను. నా ముఖంలోకి ఓసారి చూసి, మళ్లీ ఏదో మారుస్తాడు.

పెద్ద మానిటర్ కొందామని నిన్న నన్ను వెంటబెట్టుకెళ్లాడు. షాపతను ముప్పై రెండు అంగుళాలవి రెండు పక్కపక్కన పెట్టాడు, రెండూ ఫోర్‌కే.

"వీణ్ని సైజు చూడ్డానికి తెచ్చా. రంగుల దగ్గర వీడి మాట వినకు. కాకిని చూపిస్తే చిలకంటాడు," అన్నాడు బావ.

షాపతను నవ్వాడు. అలవాటు కొద్దీ నేనూ నవ్వాను.

తెరలమీద జలపాతాలు దూకుతున్నాయి. "షాపు బొమ్మలు ఎందులోనైనా బాగుంటాయండీ. మాది పెట్టండి," అని పెన్‌డ్రైవ్ ఇచ్చాను. అందులో నేను చివరిసారి రంగులు దిద్దిన ఫోటో ఉంది. ఓ దర్జీ వాళ్లమ్మ, ముసలావిడ.

ఎడమ తెరమీద ఆవిడ బుగ్గలు నిగనిగలాడాయి. కుడి తెరమీద అలాంటి సంబరమేమీ లేదు. తెల్లజుట్టు నీడలో ఒక్కో వెంట్రుకా విడిగా కనిపించింది. ముఖం నీలంగా ఉంది. కుడిది నిజం చెబుతోందని నాకు తెలిసిపోయింది.

"చూశావా?" అన్నాడు బావ, జాలిగా.

షాపతను కాస్త వంగి చూశాడు. "ఇది పసుపు తిరిగిన తెరమీద దిద్దింది సార్. తెర పసుపైతే చెయ్యి నీలం కలుపుతుంది." తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు బావ వైపు తిరిగాడు. "వీటికీ లాక్ ఉంది సార్. అప్పట్లో మీరు ఫోన్ చేసి అడిగారు చూడండి, రంగులు మార్చాక మెనూ ఇంకెవరూ తెరవకుండా ఎలాగని. అదే పద్ధతి. బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోవడమే."

"నేనా? ఎప్పుడు?" అని బావ దగ్గాడు.

నా మానిటర్ బటన్లు పనిచేయవు. "పోతే పోయాయి, తెర బాగానే ఉందిగా," అన్నాడు బావ అప్పట్లో. నేనూ రెండు సెకన్లు నొక్కి చూసి, పోయాయనే అనుకున్నాను.

కోపం వస్తుందని ఎదురుచూశాను. ముందు సిగ్గేసింది. ఆ రోజుల్లో కొందరు, "మా ఫోటోలు మీ బావమరిది చేతే చేయించండి," అనేవాళ్లు. బావ నవ్వుతూనే తలూపేవాడు. ఆ నవ్వు బిగుసుకోవడం నేను చూశాను. తర్వాత, సరిగ్గా చూసి ఉండనులే అనుకున్నాను.

"ఏదిరా?" అన్నాడు బావ, గొంతు తగ్గించి.

"నాకేం తెలుసు బావా? కాకిని చూసి చిలకంటాను కదా."

ఆయన ఎడమ తెర చూశాడు, నా ముఖం చూశాడు. కుడి తెర చూశాడు, మళ్లీ నా ముఖం చూశాడు. కెమెరాకు మూత పెట్టినట్టు ముఖం మూసేసుకున్నాను. చాలాసేపు వెతికాడు. నా కనుబొమలు తప్ప ఆయనకు వేరే ఆధారం లేదని అప్పుడర్థమైంది.

"ఎడమదే," అన్నాడు చివరికి. ఆ మాటకూడా నన్ను అడిగినట్టే ఉంది. షాపతను అట్టపెట్టె తెచ్చాడు.

ఇంటికొచ్చాక బావ ముందు గదిలో కొత్త మానిటర్ బిగించుకుంటున్నాడు. నేను నా బల్ల దగ్గర కూర్చుని బటన్ నొక్కి పట్టుకున్నాను. తొమ్మిది దాకా ఏమీ కాలేదు. పదికి మెనూ తెరుచుకుంది. నీలం అరవై రెండులో ఉంది. వంద చేశాను.

ఫోటో చుట్టూ ఉండే ఖాళీ జాగా రంగు మారింది. ఇన్నాళ్లూ నేను బూడిదరంగు అనుకున్నది బూడిదరంగు కాదు. చొక్కా చేతిని తెర పక్కన పెట్టి చూశాను. కలిసింది. ఇంత చిన్న పని ఇన్నాళ్లూ ఎందుకు చేయలేదో నాకు తెలుసు. ఆ చొక్కా వేసుకోమన్నది బావ. ఆయన్ని అనుమానించడం కన్నా నా కంటిని అనుమానించడమే తేలికైంది.

ముసలావిడ ముఖంలోంచి నీలం కొంచెం కొంచెంగా తీయడం మొదలుపెట్టాను.

"ఒరేయ్, ఒక్కసారి ఇలా రా. ఊరికే చూడు," ముందు గదిలోంచి బావ.

"పనిలో ఉన్నా."

"ఏం పని? మొటిమలేగా, తర్వాత చేద్దువుగాని."

"మొటిమలు కాదు బావా. రంగులు."

అక్కడ కుర్చీ కదిలిన చప్పుడైంది. మనిషి మాత్రం గుమ్మం దాకా రాలేదు.