వెయ్యని చిటికెడు

నేను వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఎండిన చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. అమ్మ ఊరి నుంచి సంచి నిండా పంపింది. అక్క దుబ్రావ్కా పొయ్యి ముందు నిలబడి ఉల్లిపాయలు వేయిస్తోంది. ఆదివారం, పదకొండు దాటింది.

"ఏం మరదలా, ఒక్కో గింజకీ నామకరణం చేస్తున్నావా? ఇలాగైతే భోజనం రేపే," అన్నాడు బావ జ్వోనిమిర్.

నవ్వాను. బావ నవ్వలేదు. జేబులోంచి మడిచిన కాగితం తీసి నా ముందు పెట్టాడు.

మేం ముగ్గురం జాగ్రెబ్‌లో ఒకే ప్రయోగశాలలో పనిచేస్తాం. నేను సూక్ష్మజీవుల కణాలను పెంచి, పగలగొట్టి, రసం తీసిస్తాను. ఆ రసంలోని ఎంజైముతో బావ మందుల ముడిసరుకు తయారుచేస్తాడు. ఎంజైముకు కో-ఎంజైము తోడుండాలి. అది బుట్ట లాంటిది. ఎంజైము అందులోని హైడ్రోజన్ తీసుకోగానే ఖాళీ అవుతుంది. రెండో ఎంజైము గ్లూకోజు నుంచి హైడ్రోజన్ తెచ్చి ఆ బుట్టను మళ్ళీ నింపుతుంది. ఒక్క బుట్ట ఎన్నిసార్లు నిండిందన్నదే మా వాళ్ళకు గొప్ప. ముప్పై వేలసార్లని బావ పోయిన ఏడాది అచ్చువేయించాడు. ఈ ఏడాది ఆయన మా విభాగానికి అధిపతి కావలసి ఉంది.

మొన్న జర్మనీలోని ఒక ప్రయోగశాల నుంచి ఉత్తరం వచ్చింది. శుద్ధిచేసిన ఎంజైముతో వాళ్ళు చేసి చూస్తే పది వేలు దాటలేదట.

ఎందుకు దాటలేదో నాకు తెలుసు. పగిలిన కణాల రసంలో కణాల సొంత కో-ఎంజైము కూడా ఉంటుంది. బావ తాను తూచి వేసిన చిటికెడునే లెక్కలోకి తీసుకున్నాడు. బుట్టలు తక్కువ లెక్కపెడితే ఒక్కోటీ ఎక్కువసార్లు నిండినట్టు కనిపిస్తుంది. వ్యాసం పంపకముందే అక్కా నేనూ ఆ చిటికెడు వెయ్యకుండా ఒక సీసా పెట్టి చూశాం. అందులో ఏమీ జరగకూడదు. సాయంత్రానికి సరుకు తయారై ఉంది. అక్క నా ఎదుటే బావకు చెప్పింది. "రసం శుద్ధిచేస్తూ కూర్చుంటే ఇంకొకడు ముందు అచ్చువేసుకుంటాడు," అన్నాడు బావ.

కాగితం విప్పి చదివాను. తూకంలో పొరబడి మూడింతల కో-ఎంజైము వేశానని నేను ఒప్పుకుంటున్నట్టు రాసి ఉంది. కింద నా పేరు, యాగొడ అని. సంతకం చేస్తే ఇక ఏ ప్రయోగశాలలోనూ నన్ను త్రాసు ముట్టుకోనివ్వరు.

"తూచింది నువ్వు కదా బావా."

"ఎవరు తూస్తేనేం? పోవడానికి నీకు పేరుంటేగా! వ్యాసం మీద నీ పేరే లేదు."

అక్క వైపు చూశాను. గరిట ఆగలేదు.

"అక్కా, ఆ సీసా సంగతి చెప్పు."

"ఏ సీసా?" అంది వెనక్కి తిరగకుండానే.

"మనం పెట్టిందే. కొంప మునిగిందే అన్నావు. నా చెయ్యి గట్టిగా పట్టుకున్నావు."

"రోజుకి నలభై సీసాలు పెడతాం. ఏది గుర్తుంటుందే?" గరిటతో గిన్నె అంచు మీద రెండుసార్లు కొట్టింది. "సంతకం పెట్టెయ్యి. నీకు ఊరుంది, ద్రాక్షతోటుంది. అమ్మ రోజూ రమ్మంటూనే ఉంది. మాకేముంది, ఇదేగా!"

"అదీ మాట," అని బావ కలం మూత తీసి కాగితం మీద పెట్టాడు.

మొదటిరోజు ప్రయోగశాలలో నా వెనక నిలబడి, నా మోచెయ్యి పట్టుకుని చుక్కలు వేయడం నేర్పింది అక్కే. "చూసింది చూసినట్టు రాయి, అంతకంటే విద్య లేదు," అంది ఆ రోజు.

సంచిలో ఇంకా గుప్పెడు కాయలున్నాయి. అవి కూడా ఒలిచాను. గింజలు గిన్నెలో పోసి అక్క పక్కన పెట్టాను. ఆమె వాటి వైపే చూసింది. బల్ల మీద కాగితం, మూత తీసిన కలం, వాటి చుట్టూ పొట్టు.

గుమ్మం దగ్గర ఇంటి చెప్పులు విడిచి, ఎప్పటిలాగే జతగా పెట్టాను. బూట్లు వేసుకున్నాను. నాలుగేళ్ళుగా నా దగ్గరున్న ఆ ఇంటి తాళంచెవిని ఒక చెప్పులో వేసి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరకు లాగి, మెట్లు దిగాను.