ముప్పై లారీల తోళ్ళగట్టు

రాటెన్‌షాలో వాన పడని రోజుని క్యాలెండర్‌లో ఎర్ర అంకెతో అచ్చేస్తారు. ఆ ఊరి ఫుట్‌బాల్ మైదానంలో ఒకసారి గోల్‌కీపర్ బంతి అనుకుని బాతుని పట్టుకున్నాడనీ, వాడు బాతుని వాటేసుకుని మురిసిపోతుంటే అసలు బంతి వెనకనించి ఈదుకుంటూ గోల్‌లోకి పోయిందనీ విల్ఫ్ ఆగ్డెన్ ఒట్టేసి చెబుతాడు. బాతు సంగతి ఎవరూ నమ్మరు. ఆ రోజు టౌన్ ఓడిపోయిందంటే మాత్రం ఒట్టు అక్కర్లేకుండా అందరూ నమ్ముతారు. టౌన్ అంటే ఆ ఊరి జట్టు. నూట పదేళ్ళ జట్టు. గెలిచిన ఆటలన్నీ విల్ఫ్‌కి నోటికొచ్చు, అంత తక్కువ మరి.

విల్ఫ్ ముప్పై ఆరేళ్ళు సిటీ బస్సు నడిపాడు. నడుపుతూ కోతలు కోసేవాడు. ఆ కోత పూర్తిగా విందామని తమ స్టాపు దాటిపోయి, మళ్ళీ వానలో వెనక్కి నడిచినవాళ్ళు ఊళ్ళో ఇప్పటికీ ఉన్నారు. అలా ఊరు ఊరంతటినీ నమ్మించగలిగినవాడు భార్య మేవిస్ దగ్గర మాత్రం ఒక్క అబద్ధం నిలబెట్టలేకపోయేవాడు.

దానికి కారణం మీట్‌పై. మాంసం కూరి కాల్చిన ఆ గుండ్రటి రొట్టె లేకుండా రాటెన్‌షాలో ఆటే లేదు. టౌన్ గెలిస్తే విల్ఫ్ దాన్ని లొట్టలేసుకుంటూ తినేవాడు. ఓడితే ముద్ద దిగేది కాదు. మేవిస్‌కి జబ్బు చేసి ఆసుపత్రిలో పడుకున్న శీతాకాలం, అతను ప్రతి శనివారం ఆట చూసి సరాసరి ఆమె మంచం దగ్గరికి వచ్చేవాడు.

"రెండు రెండు. సమానం," అన్నాడొకసారి, నవ్వు మొహం పెట్టుకుని.

"ఏవయ్యా, కోటు జేబు చూపించు," అంది మేవిస్.

జేబులో మీట్‌పై అలాగే ఉంది, చల్లారిపోయి, రాయిలా.

"ఎంతకి పోయింది?"

"నాలుగు సున్నా."

"చచ్చేదాన్ని, నాక్కూడా అబద్ధమేనా?" అని నవ్వి, ఆమె ఆ రొట్టె తీసుకుని కొరకబోయింది. కొరకలేకపోయింది. "నాకొక మాటియ్యి విల్ఫ్. సొంత మైదానంలో టౌన్ ఆడే ఒక్క ఆట కూడా నేను మిస్సవకూడదు. బతికున్నా, పోయినా."

విల్ఫ్ మాటిచ్చాడు. మార్చిలో ఆమె పోయింది.

వాళ్ళిద్దరూ నలభై ఒక్క ఏళ్ళు నిలబడి ఆట చూసింది గోల్ వెనక తోళ్ళగట్టు మీద. ఒకప్పుడు అక్కడ తోళ్ళ కార్ఖానా ఉండేది. ఆ చెత్తా బూడిదా మట్టీ కుప్పబోసి, మెట్లు చెక్కి, ఆనుకుని నిలబడ్డానికి ఇనప కడ్డీలు పాతారు. ఎడమ గోల్‌స్తంభం వెనక మూడో కడ్డీ వాళ్ళిద్దరిది. అక్కడ పెయింటు మేవిస్ మోచేతుల కిందే అరిగిపోయింది. వెనకటికి పోయినవాళ్ళ చితాభస్మం మైదానంలో చల్లనిచ్చేవారు. గడ్డి చచ్చిపోతోందని తర్వాత క్లబ్బు మానిపించింది. అందుకని విల్ఫ్ ప్యాంటు జేబుకి చిల్లు పెట్టుకున్నాడు. ఏడాది చివరి ఆట అయ్యాక అభిమానులందరినీ మైదానం చుట్టూ నడవనిస్తారు కదా, ఆ నడకలో మూడో కడ్డీ కింద, గట్టు పాదం దగ్గర ఆగి, జేబులో చెయ్యి పెట్టి, మేవిస్‌ని కొంచెం కొంచెంగా కాలి వెంట దింపాడు.

"ఏం తాతా, కాలు లాగుతోందా?" అన్నాడు కాపలా కుర్రాడు.

"మా ఆవిడ దిగుతోంది బాబూ, ఆగు," అన్నాడు విల్ఫ్. వాడికి అర్థం కాలేదు.

ఆ ఆగస్టులో కీరన్ లాఫ్టస్ టౌన్ తరఫున మొదటి ఆట ఆడాడు. ఆ పందొమ్మిదేళ్ళ కుర్రాణ్ణి మొదట కనిపెట్టింది మేవిసే. ఆమె బడి వంటింట్లో పనిచేసేది. కీరన్ ఏడేళ్ళప్పుడు పెరట్లో బంగాళదుంపని ఎడం కాలితో తన్నితే అది కిటికీలోంచి దూరి, ఉడుకుతున్న పులుసులో సరిగ్గా మధ్యలో పడింది. వాళ్ళ హెడ్ మాస్టర్ వాడి చెవి మెలిపెడితే, మేవిస్ వాడికి రెండో గిన్నె కస్టర్డ్ పెట్టింది. "ఈ ఎడం కాలు టౌన్‌దే, చూస్తుండు," అని విల్ఫ్‌తో పన్నెండేళ్ళు చెప్పింది. తీరా వాడు మైదానంలోకి దిగే రోజుకి ఆమె కడ్డీ కింద మట్టిలో ఉంది. కీరన్ మొదటి గోల్ తోళ్ళగట్టు వైపే కొట్టాడు. కొట్టి, చేతులు చాపుకుని, ఎడమ స్తంభం వెనక్కి పరిగెత్తుకొచ్చి సరిగ్గా ఆ మట్టి మీద మోకాళ్ళ మీద జారాడు. విల్ఫ్ ఆ రోజు రెండు మీట్‌పైలు తిన్నాడు.

అక్టోబరులో చైర్మన్ హెడ్లీ క్రాస్ అభిమానుల్ని మీటింగ్‌కి పిలిచాడు. స్నానపు తొట్ల వ్యాపారంలో పైకొచ్చినవాడు, జట్టు కొని నాలుగేళ్ళయింది. బల్ల మీద అట్టతో చేసిన కొత్త స్టాండ్ బొమ్మ పెట్టాడు. తొమ్మిది వేల కుర్చీలు, పైన కప్పు, లోపల చీమంత మనుషులు.

"ఉన్న చోటుకి వచ్చే టికెట్ల డబ్బు జీతాలకే చాలట్లేదు. ఇలాగే ఉంటే నేను కీరన్‌ని అమ్ముకోవాలి. స్టాండ్ కడితే జనం పెరుగుతారు, డబ్బు పెరుగుతుంది, కీరన్ ఉంటాడు. మీ ఇష్టం. కట్టమనేవాళ్ళు చేతులెత్తండి," అన్నాడు.

కీరన్ ఉంటాడు అన్న మాట ఒక్కటే విల్ఫ్ చెవిలో పడింది. మేవిస్ కోసం ఒక చెయ్యి, తనకోసం ఒక చెయ్యి, రెండూ ఎత్తాడు.

"ఒక చెయ్యి దించరా, దొంగ ఓటు కింద లెక్కేస్తారు," అన్నాడు పక్కనున్న సిరిల్. సిరిల్ మంగలి. విల్ఫ్‌తో చిన్నప్పట్నించీ ఆటలకి వస్తున్నాడు, చిన్నప్పట్నించీ తగువాడుతున్నాడు.

ఆ అట్టబొమ్మ ఏ గట్టు మీద కూర్చుంటుందో విల్ఫ్ చూశాడు. చూసి కూడా, దాని కింద ఎవరున్నారో ఆ క్షణంలో తట్టలేదు. పునాదులంటే తవ్వాలనే సంగతి ముప్పై ఆరేళ్ళు తవ్విన రోడ్ల మీద బస్సు నడిపినవాడికి తట్టలేదు.

ఆటగాళ్ళని అమ్ముకోడానికీ కొనుక్కోడానికీ గడువు జనవరి ముప్పై ఒకటితో సరి. ఆ సాయంత్రం విల్ఫ్ సిరిల్ కొట్లో సబ్బు నురగ మొహంతో కూర్చుని ఉండగా టీవీలో కింద అక్షరాలు పరిగెత్తాయి. ఇనుము ధర పెరిగింది, బ్యాంకు అప్పు ఆపేసింది. అందుకని స్టాండ్ కోసం కీరన్ లాఫ్టస్‌ని నలభై లక్షల పౌండ్లకి లండన్ జట్టుకి అమ్మేశారు.

సిరిల్ కత్తి గాల్లోనే ఆపాడు. "కీరన్ ఉండాలని స్టాండ్, స్టాండ్ లేవాలని కీరన్ పాయె. రెండు చేతులెత్తావుగా నాయనా, రెండు చెంపలూ వాయించుకో."

నురగ విల్ఫ్ మొహం మీదే ఆరిపోయింది. "సిరిల్, మేవిస్‌కి ఏం చెప్పనురా?" అన్నాడు.

"పోయిన మనిషికి చెప్పడమేంట్రా?" అని సిరిల్ గడ్డం గీశాడు. కోతల రాయుడు కోతలు కొయ్యకపోతే కొట్టు బోసిపోయినట్టనిపించి, ఆ రోజు డబ్బులు తీసుకోలేదు.

కీరన్ లేని టౌన్ ఆ వసంతంలో ఏడు ఆటలు వరసగా ఓడి కింది తరగతికి జారింది. మే నెల రెండో వారంలో విల్ఫ్ బస్సు పైఅంతస్తులో కూర్చుని వస్తుంటే మైదానం గోడ మీదుగా పసుపుపచ్చ యంత్రం ఒకటి కనబడింది. దాని చెయ్యి తోళ్ళగట్టుని కొరికి, పైకెత్తి, లారీలో ఉమ్ముతోంది. అప్పుడు తట్టింది.

డెబ్భై రెండేళ్ళవాడు కదిలే బస్సులోంచి దిగాడు. పరిగెత్తాడు. గేటు దగ్గర మైదానం చూసుకునే ఆర్నల్డ్ అతన్ని రెండు చేతులా పట్టి ఆపాడు.

"లోపలికి వద్దు పెద్దాయనా. యంత్రం ఉంది."

"ఆర్నల్డ్, మూడో కడ్డీ. ఎడమ స్తంభం వెనక. ఒక్క బకెట్ మట్టి చాలయ్యా, ఒక్క..."

"నాకు తెలుసు. ఆ చోట మూడు నెలలు గడ్డి మొలవలేదు. ఎవరో దిగారని నాకు అప్పుడే తెలుసు, ఎవరికీ చెప్పలేదు." ఆర్నల్డ్ టోపీ తీశాడు. "ముందు నీకు కబురు పెట్టాల్సింది. ఈ పని రేపనుకున్నా, వీళ్ళు మంగళవారమే ఆ మూల నించి మొదలెట్టారు. ముప్పై లారీలు పోయాయి."

"ఎక్కడికి?"

"ఊరి బయట కొత్త రోడ్డుకి. అక్కడ నాలుగు రోడ్ల మధ్య గుండ్రంగా దిబ్బ పోస్తున్నారు."

"ఏ లారీలో, ఆర్నల్డ్?"

"ముప్పై లారీలు పెద్దాయనా," అన్నాడు ఆర్నల్డ్ మెల్లగా.

ఎనభై కార్లు చుట్టూ గిరగిర తిరిగే ఆ దిబ్బ మీదికి విల్ఫ్ ఎలా చేరాడో, ఎన్ని హారన్లు తిన్నాడో అతను చెబితే వేరేగా ఉంటుంది. ఆ కథలో ఒక లారీ వంగి దణ్ణం పెడుతుంది కూడా. నిజానికి చీకటి పడేదాకా ఆ మట్టి మీద చతికిలపడి, గుప్పెడు తీసి చూసి, వదిలేసి, మళ్ళీ ఇంకో గుప్పెడు తీసి చూశాడు. తోళ్ళ కార్ఖానా బూడిదైనా, మనిషి బూడిదైనా ఒకేలా ఉంది.

మాటిచ్చాడు కాబట్టి ఆగస్టు నించి, టౌన్ సొంత మైదానంలో ఆడే ప్రతి శనివారం మూడింటికి అతను ఆ దిబ్బ మీదికి మడత కుర్చీ, రేడియో, మీట్‌పై తీసుకుని పోయేవాడు. ఆట జరుగుతున్నంతసేపూ గడ్డితో చెప్పేవాడు. ఉన్నదున్నట్టే చెప్పేవాడు. ఓడితే ఓడిందని చెప్పి, తినని మీట్‌పైని కాకులకి వేసేవాడు. కీరన్ సంగతి మాత్రం చెప్పలేదు. మోకాలు పట్టేసింది, డాక్టర్ రెస్టు తీసుకోమన్నాడు అనేవాడు. ఏడాది దాటినా ఆ మోకాలు నయం కాలేదు.

కొత్త స్టాండ్ తెరిచే రోజు మధ్యాహ్నం సిరిల్ రోడ్డు దాటి, బూట్లకి మట్టి అంటించుకుని దిబ్బ ఎక్కి వచ్చాడు.

"లేవరా. నీకు కుర్చీ తీసిపెట్టా. మెత్తగా ఉంది, పైన కప్పుంది, వాన పడదు."

"వాన పడకపోతే అది మన మైదానమెలా అవుతుంది?"

"తొమ్మిది వేలల్లో రెండు వేలు కూడా అమ్ముడవలేదు. నువ్వొస్తే ఒకడు పెరుగుతాడు. కార్లవాళ్ళు నిన్ను చూసి పిచ్చోడనుకుంటున్నార్రా."

"నువ్వెళ్ళు సిరిల్. నేనొస్తే ఈవిడ ఆట మిస్సవుతుంది."

సిరిల్ జేబులోంచి తన మీట్‌పై తీసి విల్ఫ్ పక్కన పెట్టి దిగిపోయాడు.

మూడింటికి ఆట మొదలైంది. నాలుగింటికి టౌన్ ఒక గోల్ వెనకబడింది. నాలుగుంబావుకి రెండు. రేడియోలో జనం గోల వినపడట్లేదు. ఏడు వేల కుర్చీలు ఖాళీగా ఉంటే ఎంత చప్పుడుంటుందో అంతే వినిపించింది. ఆట ముగిసింది, మూడు సున్నా. తర్వాత రేడియోవాడు మిగతా ఊళ్ళ లెక్కలు చదివాడు. లండన్ జట్టు రెండు సున్నాతో గెలిచింది. రెండూ కొట్టింది కీరన్ లాఫ్టస్, రెండూ ఎడం కాలితోనే.

విల్ఫ్ రేడియో కట్టేశాడు. గడ్డి వైపు వంగాడు.

"మేవిస్, కీరన్ మోకాలు నయమైంది. రెండు కొట్టాడు, ఎడం కాలితో. రెండోదానికి మనవైపే పరిగెత్తుకొచ్చాడు." కుర్చీ ఇంకాస్త ముందుకి జరుపుకున్నాడు. "గెలిచాం."

కార్లు తిరుగుతూనే ఉన్నాయి. అతను మీట్‌పై చేతిలోకి తీసుకున్నాడు. చల్లారి రాయైపోయింది. మొదటి ముక్క గొంతులో అడ్డం పడింది. వానచుక్కలు మొదలయ్యాయి. వానలోనే కొరికాడు, నమిలాడు, నీళ్ళు లేకుండా మింగాడు. తనది అయ్యాక సిరిల్ పెట్టింది కూడా తిన్నాడు. చివరి ముక్కకి దవడలు నొప్పెట్టి కళ్ళు కారాయి.

తినడమయ్యాక లేచి నిలబడి, కోటు జేబు బయటికి తిరగేసి, గడ్డికి కనపడేలా పట్టుకున్నాడు.